ఎర్రదారం కొప్పు

ఇలుంగా ఊరి బంగాళాదుంపల యార్డులో వుమిలియా కట్టిన కొప్పు విడిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. లారీ కొండ దిగి, గుంతల్లో పడి లేచి, దారెస్సలాం మార్కెట్టు చేరేసరికి మిగతా ఆడవాళ్ల కొప్పులు సగం జారిపోయి దుంపలు లారీ అడుగున దొర్లుతూ ఉండేవి. ఆమెవి మాత్రం కట్టినవి కట్టినట్టే దిగేవి. అందుకే దళారులు ఆమె వచ్చేదాకా లారీ నింపడం మొదలుపెట్టేవాళ్లు కాదు. ఆమె ఆలస్యంగా వస్తే తిట్టుకునేవాళ్లు గానీ ఎదుట ఎవరూ అనేవాళ్లు కాదు.

గోనెసంచి మూతిదాకా దుంపలు నింపి, అక్కడితో ఆపి కుట్టేస్తే అది బస్తా. మా దగ్గర అక్కడితో ఆపే వెర్రివాళ్లు లేరు. మూతి మీద ఇంకా దుంపలు పేర్చి, చుట్టూ పురితాడుతో వల అల్లి, నెత్తిన గడ్డి కప్పి బిగిస్తారు. బస్తా మీద ఇంకో అర బస్తా కొప్పులా కూర్చుంటుంది. దానికి లుంబేసా అని పేరు. రైతుకి బస్తాకింతని ఇస్తారు, మోసే హమాలీకి బస్తాకింతని ఇస్తారు, కొప్పు ఆకాశాన్ని తాకినా అది ఒక్క బస్తానే. లాభం కొన్నవాడిది, నడుంనొప్పి మోసినవాడిది. చట్టం దీన్ని ఎప్పుడో వద్దంది. కాకపోతే చట్టం జిల్లా ఆఫీసులో ఉంటుంది, దుంపలు ఇక్కడ ఉంటాయి.

వుమిలియా ఈ పని తల్లి దగ్గర నేర్చుకుంది. దబ్బనం ఎడమ చేత్తో పట్టేది. తాడు లాగేటప్పుడు మోకాలు బస్తాకి తన్నిపెట్టి, పెదవి కొరుకుతూ బిగించేది. పెళ్లి కాకముందు ఒకసారి ఆమె కుట్టిన బస్తాని లారీలో దించి వచ్చిన ఎరాస్తో అనే హమాలీ, ఇది ఎవరి చేతి పనని యార్డంతా వాకబు చేశాడు. వీపు మీద పసిపిల్లలా కదలకుండా కూచుందని మెచ్చుకున్నాడు. అతను అప్పుడు కొత్తగా ముఠాలో చేరిన కుర్రవాడు, భుజాలు తలుపు చెక్కల్లా ఉండేవి. ఆ మెచ్చుకోలే పెళ్లిదాకా వచ్చింది. పెళ్లాం కొప్పు కట్టడం, మొగుడు దాన్ని మోయడం. ఆ సంసారం అలాగే సాగింది, కూతురు నౌమి పుట్టింది, రేకుల ఇల్లు లేచింది. తను ఎంత బాగా బిగిస్తే ఆయన వీపు మీద అంత బరువు నిలుస్తుందన్న ఆలోచన చాలా ఏళ్లు ఆమెకి తట్టనేలేదు. తట్టి ఉంటే ఏం చేసేదో కూడా చెప్పలేం.

ఇలుంగా ముఠాకి ఒక రివాజు ఉంది. ఒక మనిషి, ఒక బస్తా. ఎత్తించేవాళ్లు ఇద్దరు నిలబడి బస్తాని పైకి లేపి, వంగి ఉన్నవాడి వీపు మీద వాలుస్తారు. వాడు దాంతో చెక్కబల్ల ఎక్కి లారీలోకి నడవాలి. సాయానికి ఇంకొకణ్ణి పిలిచినవాణ్ణి ఆ రోజు నుంచి సగం మనిషి అంటారు. అతన్ని ఎవరూ వెళ్లగొట్టరు, అదే తమ మంచితనం అని చెప్పుకుంటారు. యార్డు ఊడ్చి, రాలిన దుంపలు ఏరి, అందరికీ టీ కాచి, సగం వాటా తీసుకుని అతను బతకవచ్చు. సాయంత్రం వెదురు కల్లు దుకాణంలో ముంత అతని దగ్గరికి అందరికంటే చివర వస్తుంది. గబ్రియేలి తాత అలాంటివాడు. ఒకప్పుడు ఆయన కొప్పు బస్తా మోస్తూ పాట పాడేవాడట. ఇప్పుడు టీ గ్లాసులు కడుక్కుంటూ ఎవరు ఏమన్నా నవ్వేవాడు.

మా కొండల్లో జూన్ అంటే చలికాలం, ఆ ఏడు చలి ఎముకలు కొరికేది. ఒక పొద్దున ఎరాస్తో తలుపు వేసి రమ్మని భార్యని పిలిచాడు. మంచం అంచున కూర్చుని ఉన్నాడు, రబ్బరు బూట్లు కాళ్ల దగ్గర పడి ఉన్నాయి. వాటిని అందుకోవడానికి వంగలేకపోతున్నాడు. ఆమె కింద కూర్చుని బూట్లు తొడిగింది. ఎడమ పాదం పట్టుకుంటే మొద్దులా ఉంది, గిల్లినా తెలియలేదన్నాడు. ఎప్పటినుంచని అడిగితే నీళ్లు నమిలాడు.

మిషన్ ఆస్పత్రి నర్సు నెమ్మదైన మనిషి. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు ఉంటాయని, అందులో ఒకటి పక్కకి జారిందని, ఇంకా బరువు మోస్తే కాళ్లకి వెళ్లే నరం నలిగిపోతుందని చెప్పింది. ఇప్పుడైతే విశ్రాంతితో సర్దుకుంటుంది, ఆ తర్వాత మోసినా బరువు తగ్గించుకుని, ఇద్దరు కలిసి మొయ్యాలి అంది. ఎరాస్తో బుద్ధిమంతుడిలా తలూపాడు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అసలు మాట బయటపెట్టాడు.

“ఇది యార్డులో ఎవరికైనా తెలిసిందో, నీకూ నాకూ చెల్లు. గబ్రియేలి పక్కన కూచుని గ్లాసులు కడిగే రోజు వస్తే నన్ను పూడ్చిపెట్టు, వుమిలియా. ఆ చాకిరీ మాత్రం నా చేత చేయించకు.”

ఆమె ఒట్టు వేసింది. వెయ్యకుండా ఉండాల్సింది, కానీ ఆ మొహం చూస్తే ఎవరైనా వేసేవాళ్లే.

కొద్దిరోజులకి జిల్లా నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. పనిచోట దెబ్బలు తగలకుండా చూడటం ఆయన పని. బొమ్మల కాగితం ఒకటి గోడకి అంటించాడు. అందులో ఒక మనిషి మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి, పెట్టెని పొట్టకి దగ్గరగా ఎత్తుతున్నాడు. పెట్టెకి రెండు పక్కలా పట్టుకోవడానికి చెవులున్నాయి. మా బస్తాకి చెవులు ఎక్కడున్నాయో చూపించు సారూ అని ఎవరో అడిగారు, యార్డంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు. నవ్వాక అన్న మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు.

“మోకాళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ కొప్పు తీసెయ్యండి. ఇంత బరువు ఎలా ఎత్తాలో నేర్పడానికి రాలేదు నేను. దీన్ని ఏ మనిషీ ఎలాగూ ఎత్తకూడదు.”

అందరి కళ్లూ కుట్టే ఆడవాళ్ల వైపు తిరిగాయి. వుమిలియా తల వంచుకుని దబ్బనంలో దారం ఎక్కించింది. ఆయన జీపు మలుపు తిరిగీ తిరక్కముందే చెంగులా అనే దళారి చప్పట్లు కొట్టి, పొద్దెక్కిపోతోంది కానివ్వండని కేకేశాడు.

అయినా ఆ మాట ఆమెని పట్టుకుంది. మర్నాడు చెంగులా దగ్గరికి వెళ్లి కొప్పు ఒక వరస తగ్గించి కడతానంది. తగ్గించుకో, అలాగే నీ ఇంటి దగ్గర కూచుని కట్టుకో అన్నాడతను. అరిచి చెప్పలేదు, టీ చప్పరిస్తూ చెప్పాడు. తోటి ఆడవాళ్లతో చెప్పి చూసింది. అందరం కలిసి మూతిదాకానే కుడతామంటే చెంగులా ఎంతమందిని పంపేస్తాడు అని అడిగింది. మాకాంబాకో నుంచి ఇంకో బండెడుమందిని దించుతాడు, నీకేం, నీ మొగుడు దున్నలా ఉన్నాడు అన్నారు వాళ్లు. ఒట్టు వేసింది కాబట్టి ఆమె దానికి బదులు చెప్పలేకపోయింది. ఆ దున్న పొద్దున బూట్లు తొడుక్కోలేదని ఒక్కమాట అని ఉంటే ఆ ఆడవాళ్లలో సగం మంది తమ ఇళ్లలోనూ అదే తంతు అని ఒప్పుకునేవాళ్లు. ఎవరి తలుపు వాళ్లు వేసుకుని బూట్లు తొడుగుతున్నారు మరి. ఈ సంగతి తర్వాత బయటపడింది.

అందరి బరువూ తగ్గించడం తన వల్ల కాదని తేలాక ఆమె ఒక్కడి బరువు తగ్గించడానికి పూనుకుంది.

కొప్పు లోపల ఎండుగడ్డి కూరి, చుట్టూ ఒక్క వరస దుంపలు పేర్చి వల బిగించింది. బయటినుంచి చూస్తే నిండు కొప్పే. సంచి నడిమిన కూడా గడ్డి ఉండ ఒకటి దిగేసింది. మిగిలిన దుంపలు తీసుకెళ్లి రైతు కుప్పలోనే పోసింది. దొంగతనం కాదుకదా, వాళ్లవి వాళ్లకే ఇస్తున్నాను అని సర్ది చెప్పుకుంది. గుర్తు ఉండాలని నౌమి పాత స్వెట్టర్ అంచు విప్పి ఎర్ర ఉన్ని దారం ఒక పోగు మూతి కుట్టులో కలిపింది. అలాంటి బస్తాలు ఎరాస్తో వంతుకి తగ్గట్టు వరసలో నిలబెట్టేది. దళారికి తెలిస్తే ఆ యార్డులోనే కాదు, ఆ కొండల్లో ఎక్కడా ఆమె చేతికి దబ్బనం దొరకదు.

దళారి కళ్లని మోసగించవచ్చు గానీ ఎత్తించేవాడి చేతుల్ని మోసగించడం కుదరదు. ఎత్తించే ఇద్దరిలో ఓబెది ఒకడు. ఎరాస్తో కంటే చిన్నవాడు, ఒకే వీధిలో పెరిగినవాడు, అతన్ని అన్నా అనే పిలిచేవాడు. రెండో రోజు అతను నీళ్ల డ్రమ్ము దగ్గర వుమిలియా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“వదినా, ఎర్రదారం బస్తాలు నా చేతికి తెలుస్తున్నాయి.”

“తెలిస్తే ఏం చేస్తావు?”

“ఏం చేస్తాను, అన్న వంగినప్పుడు దాన్ని ముందుకి జరుపుతాను. ఆయనకి మాత్రం తెలియనివ్వకు. తెలిసిందా, మనిద్దర్నీ నరుకుతాడు.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంత మంచివాడు ఉంటాడా అనిపించింది ఆమెకి. నిజమే, ఓబెది మంచివాడే. ఆ మంచితనం ఎక్కడికి తీసుకెళ్తుందో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు.

ఎత్తించే రెండో మనిషికీ తెలిసింది. అతని నుంచి లారీలో సర్దేవాడికి, వాడి నుంచి మిగతావాళ్లకి పాకింది. ఎవరూ నోరు విప్పలేదు. ముఠాలో ఒకణ్ణొకడు ఎంత ఎగతాళి చేసుకున్నా, మొహం ముందు పరువు తియ్యకూడని చోటు ఒకటి ఉంటుంది. చిన్న చిన్న సర్దుబాట్లు చేసుకుని ఎర్రదారం బస్తా ఎరాస్తో వీపు మీదకే వెళ్లేలా చూశారు. యార్డంతటికీ తెలిసి అతనికొక్కడికే తెలియని రహస్యంగా అది ఒక పంటకాలం నడిచింది.

ఆ పంటకాలంలో ఎరాస్తో తేరుకున్నాడు. ఎడమ పాదానికి స్పర్శ వచ్చింది. బూట్లు తనే తొడుక్కుంటున్నాడు. ఎవరో మూలికలవాడి దగ్గర తెచ్చిన కషాయం పనిచేసిందని ఊరంతా చాటాడు, ఇద్దరు ముగ్గురు ఆ కషాయం కొనుక్కుని తాగారు కూడా. చెక్కబల్ల ఎక్కుతూ పాట అందుకునేవాడు. కల్లు దుకాణంలో కుర్రాళ్లకి వీపు ఎలా వంచాలో పాఠాలు చెప్పేవాడు. గబ్రియేలి తాతకి ముంత అందిస్తూ, నువ్వు తొందరపడి ఓడిపోయావు తాతా, ఇంకొన్నాళ్లు పళ్లు బిగబట్టి ఉంటే నాలాగే బాగయ్యేవాడివి అన్నాడు ఒకసారి. గబ్రియేలి ఎప్పటిలాగే నవ్వి, చివరి గుక్క తాగాడు. ఆయనకీ తెలుసు మరి.

ఎరాస్తో ఇంటికి వచ్చి ఆ మాట వుమిలియాకి గొప్పగా చెప్పుకున్నాడు. నడుం కుదురుకుంటోందని ఆమెకి సంతోషం, అతనికి తన నడుం మీద పుట్టిన నమ్మకం చూస్తే భయం. చెప్పేస్తే బాగుండునని పొయ్యి ముందు కూర్చున్న ప్రతిసారీ అనుకునేది. ఈ పంటైపోనీ, వానలు పడగానే చెబుతాను, పని లేని రోజుల్లో అయితే కోపం అణుగుతుంది అని వాయిదా వేసింది. అతను నవ్వుతున్నాడు, ఆ నవ్వుని తన చేత్తో తియ్యడానికి ఆమెకి మనసు రాలేదు.

వానలు రాకముందే వుమిలియా తల్లి పోయిందని పుట్టినూరు మకేతె నుంచి కబురొచ్చింది. మట్టి చెయ్యడానికీ, దినాలకీ కూతురు ఉండి తీరాలి. ఎరాస్తో కూడా రావాల్సింది, కానీ పెద్ద లారీలు వరసగా వస్తున్నాయి, మట్టి వేళకి వస్తాను నువ్వు ముందు వెళ్లు అన్నాడు. ఈ లారీలు మనకొద్దు, ఇద్దరం కలిసే వెళ్దాం అని ఆమె బతిమాలింది. పిచ్చిదానివా అన్నాడు. బస్సు ఎక్కేముందు ఆమె ఓబెది ఇంటికి పరుగెత్తి, నేను వచ్చేదాకా ఆయన్ని బస్తా ముట్టనివ్వద్దని చేతులు పట్టుకుంది. ఏదో ఒకటి చెప్పి ఆపుతానులే వదినా అన్నాడతను.

తర్వాత జరిగింది ఆమెకి ఓబెదే చెప్పాడు, ఆస్పత్రి వరండాలో నేల చూస్తూ.

వుమిలియా లేదని చెంగులా వేరే ఊరి నుంచి కుట్టేవాళ్లని దింపాడు. వాళ్లకి ఇక్కడి పేరు కొత్త, మెప్పు కావాలి, కొప్పులు మరీ ఎత్తుగా కట్టారు. పొద్దున జల్లు పడి సంచులు తడిశాయి, చెక్కబల్ల జారుతోంది. ఓబెది ఎరాస్తోని పక్కకి పిలిచి, అత్త పోయింది కదా, పని మానెయ్యి అన్నా అన్నాడు. అత్త పోతే వీపు పోయిందా అన్నాడు ఎరాస్తో. పోనీ ఈ పూట నా బదులు నువ్వు ఎత్తించు, నేను మోస్తాను అన్నాడు ఓబెది. అప్పుడు ఎరాస్తో మొహం మారిపోయింది.

“ఏరా, నన్ను సగం మనిషిని చేద్దామనుకుంటున్నావా? అందరి ముందూ చెప్పు, నాకేం తక్కువైందో.”

అందరూ చూస్తున్నారు. చెప్పాల్సినది ఓబెది నాలుక చివరదాకా వచ్చింది. ఇన్నాళ్లూ నువ్వు మోసింది సగం గడ్డి అన్నా, మేం అందరం నిన్ను మోశాం అన్నా. ఆ మాట అంటే ఎరాస్తో తల ఎత్తుకుని మళ్లీ ఈ యార్డులో తిరగలేడు. ఓబెది నోరు మూసుకున్నాడు. మూసుకుని, రెండో మనిషితో కలిసి బస్తా పైకి లేపి, అన్న వీపు మీద వాల్చాడు.

వీపు మీద పడగానే ఎరాస్తో ఒక్క క్షణం ఆగాడట. ఆశ్చర్యపోయినట్టు పక్కకి చూశాడట. ఆ మొదటి బస్తా మోశాడు. తర్వాతదీ మోశాడు. మూడోదాంతో చెక్కబల్ల మధ్యకి వెళ్లాడు, పాదం జారింది, నిలదొక్కుకోవడానికి నడుం మెలితిప్పాడు. కట్టె విరిగిన చప్పుడు వినిపించిందని ఓబెది చెప్పాడు. బల్ల విరిగిందేమో అనుకున్నారు. బల్ల బాగానే ఉంది. ఎరాస్తో కింద పడ్డాడు, బస్తా అతని మీద పడింది. కొత్త కుట్టు కాబట్టి కొప్పు విచ్చుకుని దుంపలు యార్డంతా దొర్లాయి. మిగతావాళ్లు అతన్ని పైకి లాగుతుంటే, దుంపలు తొక్కకండి అని చెంగులా ఎక్కడినుంచో అరిచాడు.

వుమిలియా తల్లిని మట్టిలో పెట్టి వచ్చేసరికి మొగుడి రెండు కాళ్లూ చచ్చి ఉన్నాయి. అప్పటి నర్సే వచ్చి దుప్పటి సర్దింది. ఇక నడుస్తాడా అని అడగకముందే ఆమె చెయ్యి పట్టుకుంది, దాంతో అడగాల్సిన పని లేకపోయింది. నన్ను ఎందుకు నమ్మలేదు అని నర్సు అనలేదు. అని ఉంటే వుమిలియాకి కాస్త తేలికగా ఉండేది.

ఇంటికి తెచ్చాక చూడటానికి వచ్చినవాళ్లందరికీ ఎరాస్తో ఒకే మాట చెప్పేవాడు. ఆ పరాయి ఊరి ఆడవాళ్లకి కుట్టడం రాదు. బరువంతా ఒక పక్కకి తోసి కట్టారు. మా ఆవిడ కుట్టిన బస్తా అయితే నాకు దెబ్బ తగిలేదే కాదు, ఆమె చేతిలో ఏదో ఉంది, ఎంత పెద్ద కొప్పైనా వీపు మీద దూదిలా కూర్చుంటుంది. వచ్చినవాళ్లు తలలూపి, టీ తాగి, గబగబా వెళ్లిపోయేవాళ్లు. వుమిలియా గోడవైపు తిరిగి నౌమి బట్టలు మడతపెట్టేది. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెట్టేది.

ఒక మధ్యాహ్నం ఓబెది వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఎరాస్తో మళ్లీ ఆ దూది మాట ఎత్తాడు. ఓబెది వినలేకపోయాడు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చి, లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. ఎరాస్తో భార్యని పిలిచి, వాడికేమైందో నీకు తెలుసు, చెప్పు అన్నాడు.

ఆమె చెప్పింది. గడ్డి, రైతు కుప్ప, నౌమి స్వెట్టర్ దారం, అంతా చెప్పింది. ఏడవకుండా చెప్పాలనుకుంది గానీ కుదరలేదు.

“ఎవరెవరికి తెలుసు?” అన్నాడు.

“ముఠా అందరికీ.”

“గబ్రియేలికి?”

“తెలుసు.”

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు కల్లు దుకాణంలో తను అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది.

“ఒక్కడైనా నా మొహం మీద చెప్పలేదే.”

“చెబితే నువ్వు ఊరుకునేవాడివా?”

“ఎందుకు ఊరుకుంటాను? కొట్టేవాణ్ణి. నిన్నూ కొట్టేవాణ్ణి, వాణ్ణీ కొట్టేవాణ్ణి.” దుప్పటి కింద కదలని కాళ్ల వైపు చూశాడు. “కొడితే ఏం పోయేది? నిలబడి కొట్టేవాణ్ణి కదే.”

ఆ తర్వాత చాలా రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె ఒళ్లు తుడిచేది, పక్కకి తిప్పేది, అంబలి తాగించేది. అతను తాగేవాడు, ఎప్పుడూ గోడవైపే మొహం పెట్టి పడుకునేవాడు, మాట ఉండేది కాదు.

ఇల్లు గడవాలి కాబట్టి వుమిలియా యార్డుకి తిరిగి వెళ్లింది. చెంగులా ఆమెని చూసి సంతోషించాడు, పాపం ఎరాస్తో అని కూడా అన్నాడు, అదే ఊపిరిలో ఇవాళ రెండు లారీలున్నాయన్నాడు. ఆమె నిండు కొప్పులే కట్టింది. మూతిదాకా కుడతానంటే ఆ పూటే వేరేవాళ్లు ఆమె చోట్లో కూర్చుంటారు. గోడ మీద ఉద్యోగి అంటించిన బొమ్మ ఇంకా ఉంది, వానకి సగం చిరిగింది, పెట్టె పట్టుకున్నవాడి మొహం పోయింది. ఆమె ఆ గోడకి వీపు పెట్టి కూర్చునేది.

ఒకరోజు పక్కన కుట్టే మెలీనా ఆమె దగ్గరికి జరిగింది. మెలీనా భర్త సంగా ఆ ముఠాలోనే మోస్తాడు, ఎరాస్తో తర్వాత గట్టివాడని పేరున్నవాడు. మెలీనా చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“నౌమి వాళ్లమ్మా, లోపల గడ్డి కనపడకుండా ఎలా పేర్చేదానివో నాకు కాస్త చూపిస్తావా? పొద్దున మా ఆయనకి బూట్లు నేనే తొడుగుతున్నా.”

వుమిలియా చూపించనంది. నువ్వు వెళ్లి ఆయన మొహం మీద చెప్పు, ముఠా ముందు చెప్పు, ఇద్దరిద్దరు కలిసి మొయ్యమను, తిట్టనీ, కొట్టనీ అంది. మెలీనా మొహం ముడుచుకుంది. నీ మొగుడి పరువు నీకు ముద్దయినప్పుడు నా మొగుడి పరువు నాకు కాదా అంది. మెలీనా తన చోటికి వెళ్లిపోయింది.

కొద్దిరోజుల తర్వాత లారీకి బస్తాలు ఎత్తుతున్నారు. వరసలో ఒక బస్తా మూతి కుట్టులో పచ్చదారం కనిపించింది వుమిలియాకి. మెలీనా చేతి కుట్టు. సంగా వంగి ఉన్నాడు. ఓబెది ఆ బస్తాని ముందుకి జరుపుతున్నాడు. అతని చేతికి ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఒకసారి ఇంత జరిగాక కూడా వాడు మళ్లీ జరుపుతున్నాడు. ఆమెకి అతని మీద వచ్చినంత కోపం చెంగులా మీద కూడా ఎప్పుడూ రాలేదు.

ఆమె లేచి నడిచి వెళ్లింది. దబ్బనం పక్కన పడేసి, తాడు కోసే కత్తి తీసుకుని, ఓబెది చేతుల మధ్యనుంచి కొప్పు వలని పైనుంచి కిందకి కోసేసింది. చుట్టూ ఉన్న వరస దుంపలు జలజలా రాలాయి. వాటి వెనక ఎండుగడ్డి కట్ట అందరి ముందూ నేల మీద పడింది. ఎత్తించేవాళ్లు, మోసేవాళ్లు, ఆడవాళ్లు, లారీ డ్రైవరు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

సంగా నడుం పట్టుకుని మెల్లగా నిటారయ్యాడు. గడ్డి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. ఒక్కరూ ఆశ్చర్యపోలేదని అతనికి అర్థమైంది. వచ్చి వుమిలియాని చెంప మీద కొట్టాడు. ఆమె దుంపల మీద పడింది. మెలీనా ఆమె మీద ఉమ్మేసి, మొగుణ్ణి ఇంటికి రమ్మని ఏడుస్తూ అతని వెనక నడిచింది. చెంగులా వచ్చి, ఇక నీ మొహం ఇక్కడ చూపించకని వుమిలియాకి చెప్పాడు. ఆమెని లేపడానికి ఎవరూ రాలేదు, ఓబెది కూడా.

ఇంటికి వచ్చి అంబలి కాచి, మంచం దగ్గర కూర్చుంది. చెంప వాచి కన్ను మూసుకుపోయింది. ఎరాస్తో ఆ చెంపనే చూస్తూ ఉండిపోయాడు. ఎన్నో రోజుల తర్వాత నోరు తెరిచి, ఎవరు అని అడిగాడు. ఆమె జరిగింది చెప్పింది. రేపటి నుంచి పని లేదని కూడా చెప్పింది.

“సంగా నిలబడే కొట్టాడా?” అన్నాడతను.

“నిలబడే కొట్టాడు. ఇంటికి కూడా నడిచే వెళ్లాడు.”

“సరే అయితే,” అని, తనని గోడవైపు కాకుండా తలుపు వైపు తిప్పమన్నాడు.